పసుపూ కుంకుమా జట్టు

మా కిరాణా కొట్టు అరుగు మీద ఎప్పుడూ రెండు ఉప్పు బస్తాలు ఒకదాని మీద ఒకటి ఉండేవి. పై బస్తా నాది. కలకత్తాలో ఈస్ట్ బెంగాల్ ఫుట్‌బాల్ జట్టు ఆట ఉన్న రోజున నేను దాని మీదెక్కి నిలబడాలి. లోపల గల్లాపెట్టె పక్కన మర్ఫీ రేడియో. దాని చుట్టూ ఓ పదిమంది పెద్దవాళ్ళు తలలు దగ్గర పెట్టుకుని కూర్చునేవాళ్ళు. మిగతా జనమంతా బయట చింతచెట్టు కింద, వానొస్తే పక్కింటి చూరు కింద. రేడియో గొంతు అంతదూరం పోదు. గోల్ పడగానే మాస్టర్‌మొశాయ్, అంటే మా బెంగాలీ మాస్టారు, నా వైపు తిరిగి వేళ్ళు చూపించేవారు. నేను బయటికి తిరిగి గొంతు చించుకుని అరిచేదాన్ని, "ఏక్ శూన్నో!" అని, ఒకటి సున్నా అని. వెంటనే చెట్టు కింద నుంచి అందరూ ఒక్కసారే అనేవారు, "ఆబార్ బొలో!"

మళ్ళీ చెప్పు అని. వినపడక కాదు. ఇంకోసారి వినాలని.

ఇది కలిమెల సంగతి. ఇప్పుడది మల్కన్‌గిరి జిల్లా. నా చిన్నతనంలో అంతా కొరాపుట్ జిల్లాయే, 1992లో విడదీశారు. కలిమెల నుంచి దక్షిణంగా పోతే మోటు. అక్కడ సీలేరు వచ్చి శబరిలో కలుస్తుంది. ఏరు దాటితే ఆంధ్రా. మా నాన్నది విజయనగరం వైపు పల్లె. బలిమెల డ్యాం పనులకి కూలీలు వేలల్లో వస్తున్నారని విని, వాళ్ళకి సరుకులమ్ముకోవచ్చని ఈ అడవిలోకొచ్చాడు. అటూ ఇటూ తిరిగి చివరికి కలిమెలలో కొట్టు పెట్టి, అమ్మని తెచ్చుకున్నాడు. నేను ఇక్కడే పుట్టాను.

మాలాంటి తెలుగువాళ్ళు ఈ ప్రాంతంలో కొత్తేమీ కాదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా ఈ జయపురం సంస్థానం, ఈ మల్కన్‌గిరి తాలూకా అంతా మద్రాసు ప్రెసిడెన్సీలో, విశాఖపట్నం జిల్లా కిందే ఉండేవి. ఆ తర్వాత ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, సంతలో కోయ మాట. సెలవులకి విజయనగరం వెళితే మా మేనత్త పిల్లలు "ఒడియావోళ్ళు ఒచ్చారు" అనేవాళ్ళు. బడి తెరిచాక ఇక్కడికొస్తే "తెలెంగా పిల్ల" అనేవాళ్ళు. రెండు చోట్లా ప్రేమగానే అనేవారు. అయినా ఎనిమిదేళ్ళ పిల్లకి ఆ మాట ఎక్కడో గుచ్చుకునేది. నేనెక్కడి దాన్నని అమ్మని అడిగితే "నువ్వు మా ఇంటి దానివే గుంటా" అని తల దువ్వేది.

అప్పుడు మా ఊరి చుట్టూ ఉన్న బెంగాలీ ఊళ్ళకి పేర్లు కూడా లేవు. అంకెలే. దేశ విభజన తర్వాత తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన కాందిశీకుల్ని స్థిరపరచడానికి 1958లో దండకారణ్య ప్రాజెక్టు మొదలైంది. కొరాపుట్ దాని కేంద్రం. అడవి నరికి, పొలాలు వేసి, ఊళ్ళు కట్టించి, మల్కన్‌గిరి విలేజ్ అనే మాటని పొట్టిచేసి ఎం.వి. అని వరసగా అంకెలేశారు. ఇప్పటికీ బస్సు కండక్టరు అంకె చెప్పే టికెట్టు కొడతాడు. ఖుల్నా, బరిశాల్, ఫరీద్‌పూర్, జెస్సోర్ నుంచి వచ్చినవాళ్ళు. నీళ్ళ మధ్య పడవల మీద బతికిన జనాన్ని తెచ్చి కొండల మధ్య దించారు. మలేరియాకి ఎంతమంది పోయారో మా నాన్నకి తెలుసు, ఎందుకంటే పాడెకి కావలసిన తెల్లగుడ్డా తాడూ మా కొట్లోనే కొనేవాళ్ళు.

మాస్టర్‌మొశాయ్ అలాంటి ఒక ఎం.వి. ఊళ్ళో ప్రాథమిక పాఠశాల మాస్టారు. ఆయన కూతురూ నేనూ ఒక ఈడువాళ్ళం. ఆమె పేరు ఇక్కడ రాయను. మా అమ్మ ఇద్దరికీ చెయ్యీ చెయ్యీ కలిపి "ఇకనించి మీరు నేస్తాలు" అంది. అప్పట్నుంచీ ఆమె నాకు నేస్తమే, నేను ఆమెకి నేస్తాన్నే.

రేడియో ఒప్పందం ఎలా కుదిరిందో చెప్పాలి. నాన్న రేడియో కొన్నది విజయవాడ కేంద్రం తెలుగు వార్తల కోసం. ఓ వానాకాలం సాయంత్రం మాస్టర్‌మొశాయ్ బెల్లం కొనడానికొచ్చి, రేడియో చూసి, అడగలేక అడిగారు. కలకత్తా పట్టగలమా అని. ఇద్దరూ కలిసి చింతచెట్టు చిటారుకొమ్మకి రాగితీగ కట్టించారు. గరగరల మధ్య నుంచి బెంగాలీ వ్యాఖ్యానం కొద్దికొద్దిగా బయటికొచ్చింది. అజయ్ బసు, పుష్పేన్ సర్కార్ల గొంతులు ఆ రోజుల్లో ఇంటింటికీ తెలిసినవి. మరుసటి ఆటకి ఇరవై మంది వచ్చారు. ఆ పై ఆటకి యాభై. బ్యాటరీ ఖర్చు వాళ్ళదని వాళ్ళే తేల్చారు. ఐదు పైసలు, పది పైసలు ఒక హార్లిక్స్ సీసాలో వేసేవాళ్ళు. అయిపోయిన బ్యాటరీలని మేం పెంకుల మీద ఎండబెట్టి, ఇంకో రెండు పూటలు లాగేవాళ్ళం.

ఆట లేని సాయంత్రాల్లో మాస్టర్‌మొశాయ్ ఈ అరుగు మీదే క్లబ్బు కథ చెప్పేవారు. ఆయన తెలుగు, ఒడియా, బెంగాలీ మూడూ కలిపేవారు. నాకు మూడూ అర్థమయ్యేవి.

కలకత్తాలో 1920 జూలై 28న జోరాబగాన్ అనే క్లబ్బుకీ మోహన్ బగాన్‌కీ కూచ్‌బిహార్ కప్పు ఆట. జోరాబగాన్ జట్టులో శైలేశ్ బోస్ అనే ఆటగాడిని కారణం చెప్పకుండా పక్కన పెట్టారు. ఆ క్లబ్బు ఉపాధ్యక్షుడు సురేశ్ చంద్ర చౌధురి ఆడించమని అడిగారు. వినలేదు. ఆయన బయటికొచ్చేశారు. నాలుగో రోజుకల్లా, ఆగస్టు 1న, తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన మరికొందరితో కలిసి కొత్త క్లబ్బు పెట్టారు. పేరు ఈస్ట్ బెంగాల్. తూర్పు నుంచి వచ్చినవాళ్ళని కలకత్తావాళ్ళు బాంగాల్ అనేవారు. యాస చూసి నవ్వేవారు. పడమటి గట్టు మీద తరతరాలుగా ఉన్నవాళ్ళు ఘోటీలు, వాళ్ళది మోహన్ బగాన్. "ఒక్కణ్ణి పక్కన పెట్టారని పుట్టిన క్లబ్బమ్మా ఇది" అనేవారు మాస్టర్‌మొశాయ్. ఆ మాట అన్నాక కాసేపు ఏమీ మాట్లాడేవారు కాదు.

చొక్కాల కథ నాన్నకి ఇష్టం, వ్యాపారం కథ కాబట్టి. ఏ రంగు వెయ్యాలో తేలక చౌరంగీలో తెల్లవాళ్ళ పెద్ద దుకాణం వైట్‌వే లెయిడ్లాకి వెళ్ళారట. అక్కడ వేలాడుతున్న ఎరుపూ బంగారు రంగూ చొక్కా ఒకటి కళ్ళలో పడింది. ధర ఎనభై రూపాయలు. "1920లో ఎనభై రూపాయలే!" అని నాన్న విన్న ప్రతిసారీ కొత్తగా ఆశ్చర్యపోయేవాడు. బెంగాలీలు ఆ రంగుల్ని లాల్ హోలుద్ అంటారు, ఎరుపూ పసుపూ అని. లోపల పొయ్యి దగ్గర నుంచి వింటున్న అమ్మ ఒకరోజు గుమ్మంలోకొచ్చి, "పసుపూ కుంకుమా ఏసుకుని ఆడతన్నారేటి ఆళ్ళు? ఇంకేటి, అమ్మోరు ఆళ్ళ ఎనకే ఉంటాది" అంది. మాస్టర్‌మొశాయ్ లేచి నిలబడి అమ్మకి దణ్ణం పెట్టారు. ఆనాటి నుంచి మా ఇంట్లో అది పసుపూ కుంకుమా జట్టు.

ఇంకో సాయంత్రం నా భూగోళం పుస్తకంలో ఆసియా పటం తీయమన్నారు. ఈస్ట్ బెంగాల్ ఎక్కడుందో వెతకమన్నారు. నేనూ నేస్తమూ వేలుపెట్టి గాలించాం. లేదు. 1955లో ఆ రాష్ట్రం పేరు తీసేసి తూర్పు పాకిస్తాన్ అన్నారు. 1971లో అది బంగ్లాదేశ్ అయింది. "మా దేశం పేరు ఇప్పుడు ఏ పటంలోనూ లేదు. ఆ క్లబ్బు బోర్డు మీదే ఉంది" అన్నారాయన. అప్పటికి నాకు పదేళ్ళు. ఆ మాటలో బాధ ఉందని తెలిసింది గానీ, ఎంత పెద్దదో తెలియలేదు. ఇప్పుడు తెలుస్తోంది. వాళ్ళు గెలిచిన రోజున చెట్టు కింద జనం అరిచేది ఆటగాళ్ళ పేర్లు కాదు. ఊరి పేరు. పోయిన ఊరిని ఇంకోసారి గట్టిగా పిలవడానికి వాళ్ళకి మిగిలిన చోటు అదొక్కటే.

మరి మాకెందుకు అంత ప్రేమ? మా నాన్నకి దానికొక జవాబు ఉంది. అప్పారావు.

మాస్టర్‌మొశాయ్ 1949లో కలకత్తాలో ఒక ప్రెస్సులో పనిచేసేవారు. టికెట్టుకి డబ్బుల్లేక కోట గట్టు మీద నుంచి మైదాన్‌లో ఆటలు చూసేవారు. ఈస్ట్ బెంగాల్ ముందువరసలో అయిదుగురు. వెంకటేశ్, అప్పారావు, ధనరాజ్, అహ్మద్ ఖాన్, సాలే. పంచపాండవులని పిలిచేవారు వాళ్ళని. బూట్లు లేకుండా, తడిసిన గడ్డి మీద, ఒకరి కాలి నుంచి ఇంకొకరి కాలికి బంతి పూసలో దారంలా పోయేదట. ఆ ఏడాది కలకత్తా లీగూ, ఐఎఫ్ఏ షీల్డు అనే పెద్ద పోటీ, బొంబాయిలో రోవర్స్ కప్పూ మూడూ వాళ్ళే గెలిచారు. షీల్డు వరసగా మూడేళ్ళు, 1949, 50, 51. "అయిదుగురిలో ఒక్కడైనా బెంగాలీ ఉన్నాడా చూడు. అందరూ మీ దక్షిణం వాళ్ళే" అని మాస్టర్‌మొశాయ్ అంటే, నాన్న ఆ అయిదు పేర్లనీ వదిలేసి ఒక్కటే పట్టుకునేవాడు. "అప్పారావంటే మరి మనోడే గదా!" ఆ పేరు పలికేటప్పుడు ఆయన గొంతులో ఒక గర్వం. ఊరు కాని ఊళ్ళో తక్కెడ పట్టుకుని బతుకుతున్న మనిషికి, అంత పెద్ద నగరంలో వేలమంది అప్పారావూ అప్పారావూ అని అరిచారన్న మాట ఎంత బలమో ఆలోచించండి.

ఆ తర్వాత పేర్లు నాన్నే పోగుచేసుకున్నాడు. సికిందరాబాదులో పుట్టిన తులసీదాస్ బలరాం, 1956 ఒలింపిక్స్ ఆడినవాడు, 1961లో కెప్టెన్‌గా ఈస్ట్ బెంగాల్‌కి లీగ్ గెలిపించాడు. ఆట మానేశాకా ఆయన బెంగాల్లోనే ఉండిపోయాడు. హైదరాబాదు నయీముద్దీన్. హైదరాబాదు హబీబ్. 1970 షీల్డు ఫైనల్లో ఇరాన్ నుంచి వచ్చిన పాస్ క్లబ్బుని చివరి నిమిషాల్లో పరిమళ్ దే గోలుతో ఓడించిన కథ మాస్టర్‌మొశాయ్ చెబుతుంటే, నాన్న "ఆ జట్టులో హబీబున్నాడు" అని తప్పకుండా అందించేవాడు. అప్పటి నుంచి వాళ్ళకి మేం, మాకు వాళ్ళు. వాళ్ళ జట్టుకి మా ఊళ్ళ నుంచి ఆటగాళ్ళు, మా కొట్లో వాళ్ళ ఊరి పేరు.

1975 సెప్టెంబరు 30. షీల్డు ఫైనల్. ఎదర మోహన్ బగాన్. అంతకు ముందే ఈస్ట్ బెంగాల్ వరసగా ఆరో ఏడు లీగ్ గెలిచి ఉంది. పి.కె. బెనర్జీ శిక్షకుడు. మధ్యాహ్నం నుంచే జనం రావడం మొదలైంది. పది మైళ్ళ అవతల నుంచి సైకిళ్ళ మీద ముగ్గురేసి. ఓ ముసలమ్మని ఎడ్లబండి మీద తెచ్చారు. ఆమెకి చూపు లేదు, ఆటా తెలియదు. అందరూ పోతున్నారని వచ్చింది.

నేను బస్తా ఎక్కానో లేదో మాస్టర్‌మొశాయ్ ఒక వేలు చూపించారు. సురజిత్ సేన్‌గుప్తా. ఏక్ శూన్నో. ఆబార్ బొలో. తర్వాత శ్యామ్ థాపా. దుయ్ శూన్నో. సగం ఆటయ్యేలోపే రంజిత్ ముఖర్జీ మూడోది. ఆ తర్వాత రేడియో ఒక్కసారి మూగబోయింది. తీగ మీద కాకి వాలిందో, గాలి వీచిందో. ఒక కుర్రాడు చెట్టెక్కి తీగని చేత్తో పట్టుకుని కూర్చున్నాడు, ఆట ముగిసేదాకా దిగలేదు. థాపా ఇంకొకటి. నాలుగు. ఇక చివర్లో శుభంకర్ సాన్యాల్. మాస్టర్‌మొశాయ్ అయిదు వేళ్ళూ విప్పి చూపించారు. ఆ చెయ్యి వణుకుతోంది. నేను అరవబోతే గొంతు పెగల్లేదు, అప్పటికే బొంగురుపోయింది. నేస్తం నా పక్కన బస్తా ఎక్కి నా బదులు అరిచింది. పాంచ్ శూన్నో. చెట్టు కింద ఎవరూ ఆబార్ బొలో అనలేదు. అందరూ ఏడుస్తున్నారు. చూపు లేని ముసలమ్మ మాత్రం "ఏమైంది, ఏమైంది" అని అడుగుతోంది. ఎవరో ఆమె చెవిలో చెప్పారు. ఆమె ఆటగురించి ఏమీ అడగలేదు. "అయితే మనం గెలిచామా?" అంది. అంతే.

వారం తర్వాత ఆనందబజార్ పత్రిక ఎలాగో మా దాకా వచ్చింది. అందులో ఆ ఓటమి తట్టుకోలేక కలకత్తాలో ఒక మోహన్ బగాన్ కుర్రాడు ప్రాణం తీసుకున్న సంగతి మాస్టర్‌మొశాయ్ చదివి, కాగితం మడిచి, ఆ పూట కథలు చెప్పలేదు. అదే పేపర్లో జట్టు ఫొటో ఉంది. నలుపూ తెలుపూ. నేస్తానికీ నాకూ అది నచ్చలేదు. అమ్మ పోపులపెట్టెలోంచి చిటికెడు పసుపూ, దేవుడి గూట్లోంచి కుంకుమా తెచ్చి, నీళ్ళలో రంగరించి, చీపురుపుల్లతో ఒక్కొక్క చొక్కాకీ చారలు దిద్దాం. సాయంత్రం దాకా పట్టింది. కుంకుమ కాస్త పాకి ఒకరిద్దరి ముఖాలు ఎర్రబడ్డాయి గానీ, మాకు అంతకన్నా అందమైన ఫొటో లేదు.

ఇక పులస సంగతి. ఈస్ట్ బెంగాల్ గెలిస్తే ఇంట్లో ఇలిష్ చేప వండాలి, బగాన్ గెలిస్తే వాళ్ళిళ్ళలో రొయ్యలు. ఇది కలకత్తా మర్యాద. మల్కన్‌గిరిలో ఇలిష్ ఎక్కడిది? గెలిచిన రోజున చెరువు చేపతోనే సరిపెట్టుకునేవాళ్ళు, తింటూ పద్మా నది ఇలిష్ గురించి మాట్లాడుకునేవాళ్ళు. వాళ్ళ వర్ణన విని విని నాన్నకి ఒకరోజు తట్టింది. వెన్ను మీద వెండి మెరుపు, సన్నటి ముళ్ళు, వరద నీటికి ఎదురీదుతూ రావడం. "ఇది మన పులసే కాదేటి?"

1976లో లీగ్ బగాన్‌కి పోయింది, ఆరేళ్ళ వరస తెగింది. అందరూ దిగాలుగా ఉన్న ఆ వరదల కాలంలోనే నాన్న సరుకుల కోసం రాజమండ్రి వెళ్ళి, ఊకలో ఐసు పెట్టించి రెండు పులసలు తెచ్చాడు. ఎంత పెట్టి కొన్నాడో అమ్మకి చివరిదాకా చెప్పలేదు. పుస్తెలమ్మైనా పులస తినాలంటారు గదా, నీ పుస్తెల జోలికి పోలేదులే అన్నాడు. మాస్టర్‌మొశాయ్‌ని పిలిచి సంచీ విప్పి చూపించాడు. ఆయన చేపని రెండు చేతుల్లోకి తీసుకుని, మొప్పల దగ్గర వాసన చూసి, కింద కూర్చుండిపోయారు. "గంగది కాదు, పద్మది కాదు. అయినా ఇది ఇలిషే" అన్నారు. ఒక చేప నేస్తం వాళ్ళమ్మ ఆవపిండిలో, ఆవనూనెతో వండింది. రెండోది మా అమ్మ చింతపండు పులుసులో, బెండకాయలు వేసి, మట్టికుండలో. మన వాళ్ళు దాన్ని మర్నాడు తినాలంటారు కాబట్టి ఆ రాత్రి ఆవపిండి చేప, మర్నాటి మధ్యాహ్నం పులుసు. రెండిళ్ళ వాళ్ళం రెండు పూటలూ కలిసే తిన్నాం. ఓడిపోయిన ఏడాదికి విందు ఏమిటని ఎవరో అడిగితే, "పోయినేడు బాకీ" అన్నాడు నాన్న.

తర్వాతి ఏడాది పెలే కలకత్తా వచ్చాడు. ఆయన ఆడే అమెరికా జట్టు కాస్మోస్‌తో ఆటని మోహన్ బగాన్ 2-2తో సరిసమానం చేసింది. ఆ రెండు గోల్సూ కొట్టింది శ్యామ్ థాపా, హబీబ్. ఇద్దరూ అప్పటికి బగాన్‌కి మారిపోయారు. నాన్నకి సంతోషించాలో బాధపడాలో తెలియలేదు. రెండు రోజులు ఆ విషయం ఎవరితోనూ మాట్లాడలేదు.

1978 మొదట్లో దండకారణ్యం ఊళ్ళన్నీ కదిలాయి. బెంగాల్ వెళ్ళిపోవచ్చని, అక్కడ చోటుందని మాట పుట్టింది. వేల కుటుంబాలు పొలాలూ ఎడ్లూ అమ్ముకుని బయల్దేరాయి. చాలామంది సుందరవనాల్లోని మరిచ్‌ఝాపి దీవి చేరుకున్నారు. నేస్తం వాళ్ళూ వెళ్ళారు. మాస్టర్‌మొశాయ్‌కి వెళ్ళాలని లేదు, కానీ వాళ్ళమ్మగారు నీళ్ళు కనపడే చోట చస్తానని పట్టుబట్టింది. వెళ్ళే రోజున నేస్తం ఆ ఫొటో నా చేతికిచ్చింది. తడిస్తే పోతుందని. నేను దాన్ని మా పెద్ద బాలశిక్షలో పెట్టి దాచాను.

1979 మే నెలలో ఆ దీవిని ప్రభుత్వం బలవంతంగా ఖాళీ చేయించింది. ఆ ఏడాది చివర్లో నేస్తం వాళ్ళు తిరిగొచ్చారు. నాయనమ్మ రాలేదు. అక్కడేం జరిగిందో నేస్తం చెప్పలేదు, నేను అడగలేదు. వచ్చిన మూడో రోజున బాలశిక్ష తీసి ఫొటో ఇచ్చాను. పేపరు అంచులు చెదపురుగులు తినేశాయి. పసుపు పూసిన చోట మాత్రం ముట్టుకోలేదు. జట్టు మొత్తం అలాగే ఉంది.

1980 ఆగస్టు 16న ఈడెన్ గార్డెన్స్‌లో రెండు జట్ల అభిమానులు కొట్టుకుని, తొక్కిసలాటలో పదహారు మంది చనిపోయారు. ఆ తర్వాత చాలా రోజులు మాస్టర్‌మొశాయ్ రేడియో దగ్గరికి రాలేదు. వచ్చాకా మునుపటిలా వేళ్ళు చూపించి నవ్వేవారు కాదు. నాకూ పెళ్ళై జయపురం వచ్చేశాను. నేస్తం వాళ్ళ ఊళ్ళోనే ఉండిపోయింది. నాన్న, మాస్టర్‌మొశాయ్ రెండేళ్ళ తేడాతో పోయారు.

1997లో ఫెడరేషన్ కప్పు సెమీఫైనల్ టీవీలో చూశాను. సాల్ట్ లేక్ స్టేడియంలో లక్షా ముప్పై వేలమంది. భైచుంగ్ భూటియా మూడు గోల్స్ కొట్టాడు, 4-1. 2003లో జకార్తాలో ఆసియాన్ క్లబ్ కప్పు గెలిచారు, థాయ్‌లాండ్ జట్టుని 3-1తో ఓడించి. రెండుసార్లూ నేను మొదట చేసిన పని నేస్తం ఊళ్ళో ఫోనున్న దుకాణానికి కబురు పెట్టడం. ఆ తర్వాత మంచి రోజులు తగ్గాయి. 2012 తర్వాత చాలా ఏళ్ళు జాతీయస్థాయి కప్పు ఒక్కటీ రాలేదు. నూరేళ్ళు నిండిన 2020లో కరోనా. అదే ఏడాది ఐఎస్ఎల్ అనే ఇండియన్ సూపర్ లీగ్‌లోకి వెళ్ళారు, 2021-22లో అట్టడుగున నిలిచారు. ఆ రోజుల గురించి ఎక్కువ రాయాలని లేదు.

2024 జనవరి. సూపర్ కప్పు భువనేశ్వర్ కళింగ స్టేడియంలో అన్నారు. గ్రూపు దశలో బగాన్‌ని 3-1తో ఓడించి ఈస్ట్ బెంగాల్ ముందుకొచ్చింది. 28న ఫైనల్, ఒడిశా ఎఫ్.సి.తో. మా అబ్బాయి భువనేశ్వర్‌లోనే ఉద్యోగం. వాడు ఒడిశా ఎఫ్.సి. అభిమాని. వాడు ఇక్కడే పుట్టి పెరిగాడు, ఇది వాడి రాష్ట్రం, వాడి జట్టు. అందులో తప్పేముంది? "అమ్మా, నువ్వెటు కూర్చుంటావ్?" అని ఫోన్లో అడిగాడు. నేస్తం బస్సెక్కి జయపురం వచ్చింది. ఇద్దరం హీరాఖండ్ ఎక్స్‌ప్రెస్‌లో రాత్రంతా మాట్లాడుకుంటూనే వెళ్ళాం. అరవయ్యేళ్ళ వయసులో మేమిద్దరం మా జట్టుని కళ్ళారా చూడబోవడం అదే మొదటిసారి.

జట్టు మైదానంలోకి వస్తుంటే నేస్తం నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. పేపర్లో మేం దిద్దిన రంగులు అక్కడ పచ్చటి గడ్డి మీద పరిగెడుతున్నాయి. ముందు ఒడిశా గోల్ కొట్టింది. మా అబ్బాయి లేచి అరిచి, మమ్మల్ని చూసి కూర్చున్నాడు. రెండో సగంలో నందకుమార్ సమం చేశాడు. తర్వాత క్రెస్పో పెనాల్టీ, 2-1. ఇక అయిపోయిందనుకున్నాం. అదనపు నిమిషాల్లో ఒడిశాకి పెనాల్టీ, 2-2. నేస్తం పైట నోటికి అడ్డం పెట్టుకుంది. మళ్ళీ అరగంట ఆట. 111వ నిమిషంలో క్లేటన్ సిల్వా. 3-2. పన్నెండేళ్ళ తర్వాత కప్పు, అదీ మేం బతికిన రాష్ట్రంలో, మా కళ్ళ ముందు. ఎదురుగా పెద్ద బోర్డు మీద స్కోరు వెలిగిపోతోంది. నేను అరవాల్సిన పని లేదు. అయినా నా నోట్లోంచి "తీన్ దుయ్" అని వచ్చేసింది, పక్కవాళ్ళు తిరిగి చూశారు. మా అబ్బాయి తన జట్టు ఓడినా మా ఇద్దరి కోసం బయట చేపల హోటలు వెతికాడు.

పోయిన ఏడాది, 2025 ఏప్రిల్‌లో, నేస్తానికి కంటి ఆపరేషన్ అయింది. టీవీ చూడకూడదు, ఫోన్ చూడకూడదు. 11న ఈస్ట్ బెంగాల్ మైదానంలో ఆడపిల్లల లీగ్ ఆట. ఎదర అంతకు ముందటేడు విజేత ఒడిశా ఎఫ్.సి. గెలిస్తే కప్పు మనదే. మా కొట్లో రేడియో మోగిన రోజుల్లో ఆడపిల్లలు ఈ చొక్కా వేసుకుంటారని ఎవరమూ అనుకోలేదు. నేను ఇంట్లో ఒక ఫోన్లో ఆట పెట్టుకుని, ఇంకో ఫోన్లో నేస్తానికి చెబుతూ కూర్చున్నాను. ఇప్పుడు బంతి ఎటుంది, ఎవరి కాలి దగ్గరుంది, అంతా. మొదటి సగం ఏమీ లేదు. నేస్తం ఊపిరి మాత్రం వినిపిస్తోంది.

రెండో సగంలో గుగులోత్ సౌమ్య కొట్టింది. నిజామాబాద్ జిల్లా తండా పిల్ల.

నాకు మాట రాలేదు. అటు నుంచి నేస్తం, "ఏమైంది? చెప్పు, ఏమైంది?" అంటోంది. ఆ ముసలమ్మ గుర్తొచ్చింది. చింతచెట్టూ, తీగ పట్టుకుని కూర్చున్న కుర్రాడూ గుర్తొచ్చారు.

"సౌమ్య కొట్టింది. మా తెలుగు పిల్ల" అన్నాను. ఆ పైన గొంతెత్తి అరిచాను, "ఏక్ శూన్నో!"

అటువైపు కాసేపు ఏమీ లేదు. తర్వాత మెల్లగా అంది.

"ఆబార్ బొలో."